వీఏఆర్ మేలా, రిఫరీ కన్నే మేలా?

పెద్ద టోర్నీ మొదలైతే చాలు, ఫుట్‌బాల్ చూసే మిత్రులు నన్ను అడిగేది ఒకటే: వీఏఆర్ గొడవ, అంటే వేరే గదిలో రిఫరీలు వీడియో చూసి మైదానంలోని రిఫరీకి చెవిలో చెప్పే తంతు, లేని పాత పద్ధతే బాగుండేది కదా అని. గోల్ పడగానే ఎగిరి గంతేయడానికి లేదు, రిఫరీ చెవి మీద చెయ్యి ఎప్పుడు తీస్తాడా అని చూస్తూ కూర్చోవాలి. వాళ్ల విసుగు నాకూ ఉంది. కానీ ఈ లెక్క తేల్చుకోవడానికి నాకు 2024 జూన్ నెల చాలు. 18 రోజుల తేడాతో రెండు మ్యాచ్‌లు జరిగాయి. ఒకదానిలో వీడియో లేదు, రెండోదానిలో లేని హంగు లేదు.

జూన్ 11న దోహాలో మనవాళ్లు ఖతార్‌తో ఆడారు. ప్రపంచకప్ అర్హత పోటీ. గెలిస్తే మూడో రౌండు. 37వ నిమిషంలో మన ఛాంగ్తే గోల్ కొట్టాడు. 73వ నిమిషం దాకా 1-0తో మనదే పైచేయి. అప్పుడు ఫ్రీకిక్ మీద వచ్చిన బంతిని ఖతార్ ఆటగాడు యూసఫ్ ఐమన్ తలతో కొట్టాడు, మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ కిందపడి ఆపాడు. ఆపిన బంతి అతని పక్కనుంచి జారి, గోల్‌పోస్టుకు బయటివైపు గీత దాటింది. ఆట ఆగిందనుకుని మనవాళ్లు నిలబడిపోయారు. ఖతార్ ఆటగాడొకడు దాన్ని కాలితో లోపలికి లాగాడు, ఐమన్ వలలోకి నెట్టాడు. రిఫరీ గోల్ ఇచ్చాడు. మొదటి రీప్లేలోనే విషయం ఇంట్లో అందరికీ అర్థమైంది. ఆ రౌండులో వీఏఆర్ లేదు కనుక, అర్థం కావలసినవాళ్లకు చూసే వీలే లేకపోయింది. 85వ నిమిషంలో రెండో గోల్ కూడా తిని 2-1తో ఇంటిదారి పట్టాం.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ గ్రూపులో 6 మ్యాచ్‌లు ఆడి మనం కొట్టిన గోల్స్ 3. సొంతగడ్డ మీద గువాహటిలో అఫ్గానిస్థాన్ చేతిలో ఓడాం. ఆ పాపం రిఫరీది కాదు. ఖతార్ అప్పటికే అర్హత సాధించి కుర్ర జట్టుతో దిగింది కూడా. అయినా దొంగ గోల్ దొంగ గోలే.

ఇక జూన్ 29, డార్ట్‌మండ్, యూరో కప్‌లో జర్మనీ-డెన్మార్క్. రెండో సగం మొదలైన కాసేపటికే డెన్మార్క్ డిఫెండర్ ఆండర్సన్ గోల్ కొట్టాడు. అంతకుముందు అతని సహచరుడు డెలేనీ కాలి బొటనవేలు ఆఫ్‌సైడ్‌లో, అంటే బంతి అందించిన క్షణానికి ప్రత్యర్థి డిఫెండర్ల కన్నా ముందు, ఉందని తెర మీద గీత గీసి చూపించారు. గోల్ పోయింది. అయిదారు నిమిషాల్లోనే జర్మనీ ఆటగాడు రౌమ్ పక్కనుంచి గోల్ ముందుకు వేసిన బంతి అదే ఆండర్సన్ చేతికి తగిలింది. బంతిలోని సెన్సర్ తాకిడిని, క్రికెట్‌లో బ్యాట్ అంచు తగిలినప్పుడు లేచే గీతలాగా, తెర మీద చూపించింది. రిఫరీ మైఖేల్ ఆలివర్ స్క్రీన్ దగ్గరికి వెళ్లి వచ్చి పెనాల్టీ ఇచ్చాడు. హావర్ట్జ్ దాన్ని గోల్ చేశాడు. చివరికి జర్మనీ 2-0తో గెలిచింది.

బొటనవేలి మీద నాకు కోపం లేదు. గీత గీతే, వేలెడు దాటినా దాటినట్టే. చెయ్యి మాటే వేరు. బంతి తగిలిందా అన్నది యంత్రం చెబుతుంది. పరుగెత్తే మనిషి చెయ్యి అక్కడ ఉండడం సహజమా కాదా అన్నది చెప్పదు. అందుకే హ్యాండ్‌బాల్ నేరమా కాదా అన్నది మామూలు వేగంలోనే చూడాలని వీఏఆర్ నిబంధనల్లోనే ఉంది. స్లో మోషన్‌లో ఏ చెయ్యి చూసినా కావాలనే అడ్డుపెట్టినట్టు ఉంటుంది మరి. ఆరు రోజుల తర్వాత స్టుట్‌గార్ట్‌లో జర్మనీ ఆటగాడు ముసియాలా కొట్టిన బంతి స్పెయిన్ ఆటగాడు కుకురెయా చేతికి తగిలితే పెనాల్టీ లేదన్నారు. అదే టోర్నీ, అవే కెమెరాలు. స్పెయిన్ ఆ మ్యాచ్ 2-1తో గెలిచి, కప్పు కూడా ఎత్తుకెళ్లింది.

అందుకని నా మొగ్గు వీఏఆర్ వైపే, కాకపోతే గీతల వరకే. బంతి లోపలా బయటా, గోల్ పడిందా లేదా, ఆఫ్‌సైడా కాదా: ఇవి యంత్రానికి. చెయ్యి, తోపులాట మైదానంలో ఉన్న మనిషికి. అతను పొరపడితే తిట్టుకుందాం, ఆ సరదా కూడా ఉండాలిగా.

వీడియోకు బదులు గోల్ పక్కన అదనపు రిఫరీని నిలబెట్టడం 2012 యూరోలో చూశాం. ఇంగ్లండ్ మీద ఉక్రెయిన్ కొట్టిన బంతి గీత దాటినా, పక్కనే నిలబడ్డ ఆయనకు కనిపించలేదు. ఆ కథ అక్కడితో సరి.

కోచ్ అడిగితేనే వీడియో చూసే పద్ధతి ఒకటుంది, మన క్రికెట్ డీఆర్‌ఎస్ లాంటిది. 2024లో కొలంబియాలో జరిగిన అండర్-20 మహిళల ప్రపంచకప్‌లో వాడారు. జట్టుకు రెండు అవకాశాలు, వీడియో గదిలో వేరే రిఫరీలు అక్కర్లేదు, కెమెరాలు కొన్ని ఉన్నా సరిపోతాయి. వీఏఆర్ ఖర్చు భరించలేని అర్హత పోటీలకు ఇదే పెడితే బాగుంటుంది. ఆ రాత్రి దోహాలో మన కోచ్‌కు రెండు కూడా అక్కర్లేదు, ఒక్కటి చాలేది.