హంటింగ్టన్ జబ్బు: రక్తంలో ఎన్‌ఎఫ్‌ఎలా, ఎంఆర్‌ఐలో ఆల్ప్సా?

హంటింగ్టన్ అంటే తల్లిదండ్రుల నుంచి జన్యువు ద్వారా వచ్చి మెదడు కణాల్ని మెల్లగా పాడుచేసే జబ్బు. అది వస్తుందా రాదా అన్నది తేల్చేది జన్యు పరీక్షే, ఆ జన్యువులో వరసగా మళ్లీ మళ్లీ వచ్చే సీఏజీ అనే ముక్కలు (సీఏజీ రిపీట్లు) 40 లేదా అంతకు మించి ఉంటే దాదాపు ఖాయం. ఎన్‌ఎఫ్‌ఎల్ అనే రక్త పరీక్ష, ఆల్ప్స్ అనే ఎంఆర్‌ఐ కొలత, ఈ రెండూ జబ్బు ఎంత దూరం వచ్చిందో చూడ్డానికి. ఎన్‌ఎఫ్‌ఎల్ నరాల కణాల లోపలి ప్రోటీన్, కణం దెబ్బతింటే బయటికొచ్చి రక్తంలో కలుస్తుంది, లక్షణాలు కనపడకముందే పెరుగుతుంది కూడా. కాకపోతే వయసు మీద పడినా, తలకి దెబ్బ తగిలినా, కిడ్నీలు మందగించినా పెరిగేదే, కాబట్టి ఒక్క రిపోర్టు చూసి టెన్షన్ పడొద్దు.

2017లో జపాన్ పరిశోధకులు ప్రతిపాదించిన ఆల్ప్స్ చూసేది వేరు: మెదడులో చెత్త సరిగా బయటికి పోతోందా అని. రక్తనాళాల వెంట నీటి కదలికను కొలిచి అంచనా కడతారు, అంతే, చెత్త పోవడం నేరుగా కనపడదు. పైగా అక్కడి నరాల తీగలు పాడైనా అంకె మారిపోతుంది, ఈ జబ్బులో అవి పాడవడం మామూలే. నన్నడిగితే ఏటేటా పోల్చుకోవడానికి రక్తమే నయం.