35 అంగుళాల టైర్ల జీప్‌కి 4.88 గేర్లు, కొత్త స్టీరింగ్: 58 వేల మైళ్ళ తర్వాత నా సమీక్ష

నా బండి 2014 జీప్ రాంగ్లర్ అన్‌లిమిటెడ్ సహారా. జేకే మోడల్, 3.6 లీటర్ పెంటాస్టార్ ఇంజన్, ఐదు గేర్ల ఆటోమేటిక్. ముందు డానా 30 యాక్సిల్, వెనక డానా 44, కంపెనీ నుంచి వచ్చిన యాక్సిల్ రేషియో 3.73. ఉండేది డెన్వర్‌లో. 2017లో రెండున్నర అంగుళాల లిఫ్ట్ చేయించి (అంటే బండి ఎత్తు పెంచి) 35 అంగుళాల టైర్లు వేయించాను. తర్వాతి రెండేళ్ళలో స్టీరింగ్ భాగాలు, ఆ పైన యాక్సిల్ గేర్లు మార్చాను. కొత్త గేర్ల మీద ఇప్పటికి 58 వేల మైళ్ళు తిరిగాను. అందులో ఆఫీసు మైళ్ళే ఎక్కువ, మిగతావి కొలరాడో కొండదారులు, యూటాలోని మోయాబ్ రాళ్ళు.

ఏ రేషియో వేయించాలి, స్టీరింగ్‌లో ఏం మార్చాలి అని ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలుగా అడుగుతుంటారు. నేనూ వేరు వేరు పనులనుకునే చేయించాను. నాకు పడ్డ అదనపు ఖర్చులో కొంత భాగం అక్కడినుంచే వచ్చింది.

ముందు గేర్ల సంగతి. మన దగ్గర లారీ మెకానిక్కులు క్రౌన్, పినియన్ అంటారే, అవే ఇవి. 3.73 అంటే క్రౌన్‌కి 41 పళ్ళు, పినియన్‌కి 11. పినియన్ 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. టైరు పెద్దదయితే ఒక్కో చుట్టుకి బండి ఎక్కువ దూరం పోతుంది, ఇంజన్ మీద ఆ మేరకు బరువు పడుతుంది. సహారాకి వచ్చే టైరు సుమారు 32 అంగుళాలు. దాని బదులు 35 వేస్తే 3.73 కాస్తా 3.41 లాగా పనిచేస్తుంది. ఈ అంకె తగ్గితే లాగే బలం తగ్గినట్టే.

డెన్వర్‌లో ఉండేవాళ్ళకి ఆ తేడా ఐ-70 మీద తెలుస్తుంది. పడమటికి వెళ్తే ఐసెన్‌హోవర్ టన్నెల్ దాకా చాలావరకు ఎక్కుడే. టన్నెల్ ఉన్నది 11 వేల అడుగుల పైన. అక్కడ గాలి పలచన. ప్రతి వెయ్యి అడుగులకీ ఇంజన్ బలం సుమారు 3 శాతం తగ్గుతుంది కాబట్టి, కాగితం మీద 285 హార్స్‌పవర్ ఉన్న ఇంజన్‌లో అక్కడ మిగిలేది దాదాపు 190. పాత గేర్లతో గంటకు 60 మైళ్ళ దగ్గర మూడో గేర్‌లో టాకోమీటర్ (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటర్) 3,000 చూపించేది. ఆ 3,000లో కొండ ఎక్కే సత్తా లేదు. స్పీడ్ పడిపోయేది, గేర్‌బాక్స్ రెండుకి దిగేది, ముల్లు ఒక్కసారిగా 4,700 వైపు లేచేది. కాస్త స్పీడ్ అందగానే మళ్ళీ మూడు, మళ్ళీ రెండు. జార్జ్‌టౌన్ దాటిన దగ్గర్నుంచి టన్నెల్ దాకా ఇదే వరస. వెనక సీట్లోంచి మా అమ్మాయి “నాన్నా, బండి ఎందుకు అరుస్తోంది?” అని అడిగేది.

35 టైర్లకి మామూలుగా మూడు రేషియోల పేర్లు వినిపిస్తాయి: 4.56, 4.88, 5.13. టైరు సైజు లెక్క ఒక్కటే చూస్తే పాత ఊపు తిరిగి రావడానికి 4.10 చాలు. కానీ ఆ లెక్కలో పెద్ద టైరు బరువు రాదు, స్టీల్ బంపర్, వించ్ బరువు రాదు, ఎత్తులో పోయే బలం అసలే రాదు. నా బండి గేర్‌బాక్స్‌లో ఐదో గేర్ రేషియో 0.83. గంటకు 65 మైళ్ళ దగ్గర 3.73తో ఇంజన్ సుమారు 1,930 తిరుగుతుంది, 4.56తో 2,360, 4.88తో 2,530, 5.13తో 2,660. పెంటాస్టార్ ఇంజన్ టార్క్ 4,800 దగ్గర శిఖరానికి చేరుతుంది, కింద నుంచి లాగే రకం కాదు. అందుకే 1,930 దగ్గర అది ఐదో గేర్‌ని మోయలేకపోయింది. 4.56 తీసుకుంటే హైవే మీద నిశ్శబ్దంగా ఉంటుందని చాలామంది చెప్పారు. 4.56కీ 4.88కీ మధ్య ఉన్నది 170 చుట్ల తేడా. ఆ తేడాని నా చెవులు పట్టుకోలేవు, కొండ ఎక్కేటప్పుడు మాత్రం కావాలి. 5.13 వద్దనుకోవడానికి కారణం ముందున్న డానా 30. దాని క్రౌన్ చిన్నది, సుమారు 7.2 అంగుళాలు. 4.88లో 39 పళ్ళకి 8, 5.13లో 41కి 8. అదే సైజు క్రౌన్‌లో పళ్ళు పెరిగితే పినియన్ తల ఇంకా చిన్నదవుతుంది. రాళ్ళలో ముందు టైరు ఇరుక్కుని మనం యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆ బరువంతా పడేది ఆ చిన్న తల మీదే. ముందు కూడా డానా 44 వచ్చే రూబికాన్ (రాంగ్లర్‌లోనే ఇంకో మోడల్) ఉన్నవాళ్ళు 5.13 గురించి ధైర్యంగా ఆలోచించవచ్చు.

4.88 వేయించాక ఐ-70 మీద అదే చోట మూడో గేర్‌లోనే 60 మైళ్ళు వెళ్తాను. ముల్లు 4,000కి కాస్త కింద నిలబడుతుంది, కదలదు. మట్టిదారిలో లో రేంజ్ (నెమ్మదిగా, బలంగా నడిపే ఫోర్ వీల్ డ్రైవ్ సెట్టింగ్) మొదటి గేర్ మొత్తం రేషియో 36 నుంచి 48కి పెరిగింది. మోయాబ్‌లో నున్నటి రాతి వాలు దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టే అవసరం బాగా తగ్గింది. మైలేజీ కోసమైతే మాత్రం ఈ పని చేయించకండి. నాకు గాలన్‌కి పదిహేనున్నర ఉండేది, ఇప్పుడు పదహారు.

గేర్ల బ్రాండ్ కన్నా వాటిని ఎవరు బిగిస్తున్నారన్నదే ముఖ్యం. నేను మొదట వెళ్ళిన షాపులో రెండు యాక్సిళ్ళూ ఒక్క రోజులో పూర్తిచేసి ఇచ్చారు. వారం తిరగకుండానే 45, 50 మైళ్ళ మధ్య యాక్సిలరేటర్ నుంచి కాలు తీస్తే వెనక నుంచి ఊళ లాంటి చప్పుడు మొదలైంది. కొత్త గేర్లు సర్దుకుంటాయిలే అన్నారు. 500 మైళ్ళ దగ్గర నూనె మార్చడానికి వెనక కవర్ విప్పాను. అయస్కాంతం మీద మెత్తటి బూడిద రంగు ముద్ద ఉండటం మామూలే. నాకు కనిపించింది అది కాదు, నూనెలో మెరుస్తూ తేలుతున్న రేకులు. వేలి మధ్య రాస్తే గరుకుగా తగిలాయి. ఇంకో షాపులో క్రౌన్ పళ్ళకి పసుపు రంగు పేస్టు పూసి, చేత్తో తిప్పి చూపించారు. పినియన్ ముద్ర పన్ను మధ్యలో పడాలి, నాది పన్ను మొదట్లోకి జారి ఉంది. పినియన్ వెనక షిమ్ (సర్దుబాటుకి వేసే పలచటి లోహపు రింగు) మందం ఎక్కువై అది లోపలికి పోయింది. వెనక గేర్లు కొత్తవి కొని, లేబర్ మళ్ళీ కట్టాను. ఈసారి ప్లే, అంటే గేర్ల పళ్ళ మధ్య వదిలే సందు, వెయ్యో వంతు అంగుళాల్లో 8 పెట్టారు (6 నుంచి 10 మధ్య ఉండాలి), ముద్ర ఫోటోలు తీసి ఇచ్చారు. మీరు ఏ షాపుకి వెళ్ళినా ఆ ఫోటోలు, ప్లే కొలత రాసిచ్చిన కాగితం ఇస్తారా అని ముందే అడగండి. ఇవ్వమంటే ఇంకో చోట చూసుకోండి.

కొత్త గేర్లకి మొదటి రోజు పదిహేను, ఇరవై నిమిషాలు నెమ్మదిగా తిప్పి పూర్తిగా చల్లారనివ్వాలి, అలా రెండు మూడు సార్లు. 500 మైళ్ళ దాకా ట్రైలర్ లాగొద్దు. టైరు సైజు, రేషియో రెండూ బండి కంప్యూటర్‌కి చెప్పాలి, లేకపోతే ఆటోమేటిక్ గేర్లు తప్పు సమయంలో పడతాయి. నేను ఏఈవీ ప్రోక్యాల్ అనే చిన్న పరికరం వాడాను, పది నిమిషాల పని.

ఇక స్టీరింగ్. లిఫ్ట్ అయిన నాలుగు నెలలకి, 50 మైళ్ళ స్పీడ్‌లో బ్రిడ్జి అతుకు దాటుతుండగా ముందు చక్రాలు రెండూ పిచ్చిపట్టినట్టు ఊగిపోయాయి. దీన్నే ఇక్కడ డెత్ వాబుల్ అంటారు. స్టీరింగ్ చేతుల్లో నిలవదు, బండి దాదాపు ఆగేదాకా ఊపు తగ్గదు. పక్క సీట్లో మా ఆవిడ ఉంది. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. ఒక షాపులో కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేసి పంపారు. రెండు నెలలు బాగానే ఉంది, మళ్ళీ వచ్చింది. డ్యాంపర్ ఊపును మింగింది తప్ప కారణం అలాగే ఉండిపోయింది.

నెల్లూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్న అన్న ఒకాయన ఉన్నారు, ఆయనకి రూబికాన్ ఉంది. విషయం చెబితే అదే రోజు సాయంత్రం వచ్చారు. “తమ్ముడూ, ఇంజన్ ఆన్‌లో పెట్టి నేను స్టీరింగ్ అటూ ఇటూ పావు చుట్టు తిప్పుతుంటా. నువ్వు కింద పడుకుని ఒక్కో జాయింట్ మీద చెయ్యి పెట్టి చూడు,” అన్నారు. డ్రాగ్ లింక్ (స్టీరింగ్ తిప్పుడుని చక్రానికి చేర్చే రాడ్) కొసలు, టై రాడ్ (ముందు చక్రాలు రెండింటినీ కలిపే రాడ్) కొసలు గట్టిగానే ఉన్నాయి. ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టుకునే కడ్డీ) యాక్సిల్‌కి కలిసే బోల్టు మీద వేళ్ళు పెట్టగానే టక్, టక్ అని తగిలింది. వాషర్ చుట్టూ రంగు పోయి, ఇనుము ఉంగరంలా తళతళలాడుతోంది. బోల్టు విప్పితే బ్రాకెట్ రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి ఉంది. “దీన్ని వదిలేసి డ్యాంపర్ కొన్నావా నాయనా!” అన్నారు ఆయన. లిఫ్ట్ చేసినవాళ్ళు ఆ బోల్టుని సరిగ్గా బిగించలేదు. సాగిన రంధ్రాన్ని సరిచేయించి, కంపెనీ 14 మిల్లీమీటర్ల బోల్టు బదులు అంతకన్నా కాస్త లావుండే 9/16 అంగుళం బోల్టు వేసి, 125 ఫుట్-పౌండ్లకి బిగించాం. పొడవు మార్చుకోగల ట్రాక్ బార్ కూడా వేశాను, ఎందుకంటే లిఫ్ట్ తర్వాత ముందు యాక్సిల్ డ్రైవర్ వైపు జరిగి ఉంటుంది. అప్పటినుంచి డెత్ వాబుల్ ఒక్కసారి కూడా రాలేదు. ప్రతి ఆయిల్ చేంజ్‌కీ టార్క్ రెంచ్‌తో ఆ బోల్టు చూసుకుంటాను.

టై రాడ్ మార్చింది మాత్రం రాయి తగిలాక. కొలరాడోలోని హోలీ క్రాస్ ట్రైల్‌లో మొదటి రాళ్ళలోనే కంపెనీ రాడ్ వంగింది. ముందు టైర్లు రెండూ లోపలికి చూస్తున్నాయి. అక్కడినుంచి వెనక్కి తిరిగి, ఇల్లు చేరేసరికి టైర్ల అంచులు ఈకలు లేచినట్టు అరిగాయి. తర్వాత సినర్జీ కంపెనీ లావైన టై రాడ్ వేశాను. దాని మీద గీతలు బోలెడున్నాయి, వంపు లేదు. డ్రాగ్ లింక్‌ని పైకి మార్చే ఫ్లిప్ నేను చేయించలేదు. రెండున్నర అంగుళాలకి డ్రాగ్ లింక్, ట్రాక్ బార్ ఇంకా దాదాపు సమాంతరంగానే ఉంటాయి. మూడున్నర, నాలుగు అంగుళాల లిఫ్ట్ ఉంటే ఆలోచించండి, అప్పుడు ట్రాక్ బార్ బ్రాకెట్ కూడా పైకి లేపాల్సిందే. ఒక్కదాన్నే లేపితే గుంతలో పడ్డ ప్రతిసారీ బండి పక్కకి లాగుతుంది.

గేర్లకీ స్టీరింగ్‌కీ ముడి ఎక్కడుందో ఇప్పుడు చెబుతాను. లిఫ్ట్ వల్ల క్యాస్టర్ తగ్గింది. ముందు చక్రాలు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణమే క్యాస్టర్, బండి నిటారుగా పోవడానికి అది కావాలి. అలైన్‌మెంట్ కాగితంలో 2.6 డిగ్రీలు వచ్చింది, హైవే మీద బండి తేలిపోతూ ఉండేది. పొడవు మార్చుకునే కింది కంట్రోల్ ఆర్మ్‌లు (యాక్సిల్‌ని ఛాసీకి కలిపే కడ్డీలు) వేసి 6 డిగ్రీలకి పెంచాను. స్టీరింగ్ అద్భుతంగా కుదిరింది. ఆ తర్వాత 4.88 గేర్లు పడ్డాయి, 70 మైళ్ళ దగ్గర కాళ్ళ కింద సన్నటి వణుకు మొదలైంది. టైర్లు రెండుసార్లు బ్యాలెన్స్ చేయించాను, పోలేదు. కారణం ముందు డ్రైవ్‌షాఫ్ట్, అంటే గేర్‌బాక్స్ వైపు నుంచి ముందు యాక్సిల్‌ని తిప్పే గొట్టం. జేకేలో టూ వీల్ డ్రైవ్‌లో ఉన్నా అది తిరుగుతూనే ఉంటుంది. 70 మైళ్ళ దగ్గర పాత గేర్లతో నిమిషానికి 2,500 చుట్లు తిరిగేది, 4.88తో దాదాపు 3,280. క్యాస్టర్ పెంచితే పినియన్ ముక్కు కిందికి వంగి షాఫ్ట్ కోణం పెరుగుతుంది. తక్కువ వేగంలో దాగి ఉన్న ఆ కోణం ఎక్కువ చుట్లలో బయటపడింది. క్యాస్టర్ 5 డిగ్రీలకి దించాక వణుకు పోయింది, స్టీరింగ్ స్థిరత్వం ఏమీ తగ్గలేదు. గేర్లు మార్చే ఆలోచన ఉన్నవాళ్ళు కంట్రోల్ ఆర్మ్‌ల ఆఖరి సర్దుబాటు గేర్ల తర్వాతే చేయించుకోండి. నేను రెండు అలైన్‌మెంట్లకి డబ్బు కట్టాను.

హైదరాబాద్‌లో మా బావమరిది తన థార్‌కి ఇవన్నీ చేయించవచ్చా అని అడిగాడు. 2020 నుంచి వస్తున్న థార్‌కి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, దానికి ఈ ట్రాక్ బార్ గొడవే లేదు. పైగా కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. టైర్లు కొనే ముందు ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోమన్నాను.

ఇప్పుడు బండిలో ఊళ లేదు, వణుకు లేదు. 30 వేల మైళ్ళకి ఒకసారి రెండు యాక్సిళ్ళ నూనె మారుస్తున్నాను, పోయినసారి అయస్కాంతం మీద మెత్తటి ముద్ద తప్ప ఏమీ లేదు. ఎడమవైపు కింది బాల్ జాయింట్‌లో కాస్త ప్లే కనిపిస్తోంది, 35 టైర్ల బరువుకి అది మామూలే. కొత్తవి తెప్పించి గ్యారేజ్‌లో పెట్టాను. మంచు కరిగి ట్రైల్స్ తెరిచేలోపు వేయించాలి.