కొత్త డ్యామా, సోలార్‌తో పంప్డ్ స్టోరేజా: ఏది మేలు?

మా జిల్లా పిన్నాపురం పంప్డ్ స్టోరేజ్ (పగటి సోలార్ కరెంటుతో నీళ్లు కొండమీదికి తోడి, రాత్రి దించి మళ్లీ కరెంటు తీసే ప్రాజెక్టు) మాట వస్తే చాలు, మా నంద్యాల వాళ్లు తిప్పితిప్పి అడిగేది ఒకటే: "శ్రీశైలం లాంటిది ఇంకోటి కడితే పోలా? నీళ్లు కొండెక్కించి మళ్లీ దించడానికి అంత ఖర్చెందుకు?" ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక అయిపోయి ఇక్కడ రాసేస్తున్నా.

డ్యాం కరెంటును తీసిపారేయలేం. బొగ్గు అక్కర్లేదు, నిమిషాల్లో మొదలవుతుంది. శ్రీశైలంలో కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున 900. పొద్దు వాలి సోలార్ చేతులెత్తేసి, ఇళ్లలో ఏసీలు మొదలయ్యే వేళకు అంతకంటే ఆదుకునేది ఇంకోటి లేదు.

చిక్కల్లా ఆ నీళ్లు కరెంటు వాళ్ల సొంతం కాకపోవడమే. వంద మీటర్ల ఎత్తు నుంచి ఒక టీఎంసీ దించితే దాదాపు 70 లక్షల యూనిట్లు వస్తాయి. అదే టీఎంసీ కాలువకు వదిలితే ఆరుతడి పంట పదివేల ఎకరాలు పండుతుందని మన వైపు లెక్క. 2021 జులై గుర్తుందిగా? ఎత్తిపోతలకు కరెంటు కావాలని తెలంగాణ ఎడమగట్టు టర్బైన్లు తిప్పింది, మట్టం 854 అడుగులకు చేరకపోతే రాయలసీమకు నీళ్లిచ్చే పోతిరెడ్డిపాడుకు నీళ్లెలా వస్తాయని ఆంధ్ర గొడవకు దిగింది, డ్యాముల మీద రెండు వైపులా పోలీసులు. న్యాయం ఎవరిదన్నది వదిలేయండి. కరెంటు కావాల్సిన రోజూ పైరుకు తడి కావాల్సిన రోజూ ఒకటి కావు, ఎన్ని డ్యాములు కట్టినా ఈ తగువు తెగదు. నా మట్టుకు అసలు లెక్క ఇదే.

పిన్నాపురంలో నదికి అడ్డుకట్ట లేదు. గోరుకల్లు రిజర్వాయర్ నుంచి ఒకసారి నీళ్లు తెచ్చి నింపుకుంటారు, తర్వాత ఆవిరైనంత పోసుకుంటే సరి. మధ్యాహ్నం మిగిలిన ఎండ కరెంటుతో పైకి తోడటం, రాత్రికి దించడం, 1680 మెగావాట్లు, రోజూ అవే నీళ్లు. అయిదు యూనిట్లు పెట్టి తోడితే తిరిగొచ్చేది నాలుగే కదా అంటారు, నిజమే. కానీ మిట్టమధ్యాహ్నం గ్రిడ్ తీసుకోలేక సోలార్ ప్లాంటును ఆపేస్తే అయిదుకు అయిదూ పోయినట్టేగా!

ఇంకోటి, నదితో కొట్టుకొచ్చి డ్యాంలో పేరుకునే ఒండ్రు. నిరుడు వేసవిలో సంగమేశ్వరం వెళ్లాను. శ్రీశైలం బ్యాక్‌వాటర్ తగ్గితేనే బయటపడే గుడి అది. చుట్టూ పలకలు పలకలుగా పగిలిన నల్లమట్టి, పైన ఎండినట్టే ఉంటుంది, కాలేస్తే చీలమండ దాకా దిగిపోతుంది. లోపల వేపదారు లింగానికి పూజారి పూజ చేస్తుంటే గోడల మీద పోయినేటి నీటిచార ఇంకా తెలుస్తోంది. 308 టీఎంసీలు పట్టే శ్రీశైలం ఒండ్రుతో 215కు దిగిందంటే నాకు ఆ మట్టే గుర్తొస్తుంది. ఆ 308 కోసం వందకు పైగా ఊళ్లు ఖాళీ చేయించారు.

"అయితే అమెరికాలోలా డ్యాములు పీకేద్దామా?" అని ఒకాయన వెటకారం. క్లామత్ నదిపై 2023, 24ల్లో నాలుగు డ్యాములు తీసేశారు, శతాబ్దానికి పైగా రాని సాల్మన్ చేపలు 2024 అక్టోబర్‌లోనే పైకి ఎక్కాయి. సంతోషమే. కానీ ఆ నాలుగూ కలిపినా మన ఎడమగట్టు టర్బైన్ ఒకదానికంటే కాస్త ఎక్కువ, అంతే, వాటి కింద ఆయకట్టు లేదు. ఇక్కడ శ్రీశైలం తీస్తే రాయలసీమా కల్వకుర్తీ ఎండుతాయి, చెన్నై తాగునీటికీ కష్టమే. కృష్ణకు ఎంతోకొంత నీరు ఏడాది పొడుగునా వదలడమే మనం చేయగలిగింది.

బ్యాటరీలు ఒకటి రెండు గంటలకు బాగున్నాయి, ధర దిగుతోంది. మినీ హైడల్‌తో (వాగుల, కాలువల మీది చిన్న జలవిద్యుత్‌తో) ఊరు గడుస్తుంది, రాష్ట్రం గడవదు.

నా ఓటు పంప్డ్ స్టోరేజ్‌కే, అయితే ఎక్కడైనా సరే అని కాదు. పిన్నాపురం ఎండుకొండలు వేరు, అనంతగిరి, అరకు వైపు కొండలు వేరు. అక్కడ ఊటనీళ్ల మీద బతికే గిరిజనులు వద్దంటున్నారు, గ్రామసభ వద్దన్నాక నాకూ వద్దు. సాగర్‌లో ఏడు, శ్రీశైలం ఎడమగట్టున ఆరు టర్బైన్లు వెనక్కి తోడగలిగినవే ఉన్నాయి. కొత్త కొండ తవ్వేముందు అవి ఏడాదికి ఎన్ని రోజులు తోడుతున్నాయో ఆ లెక్క బయట పెట్టమనండి.