మా కర్నూలు జిల్లా పేపర్లో బండ్ల పేజీ: ఏడాది చదివినాక రివ్యూ (5కి రెండున్నర)

పేపరు పేరు రాయను, ముందే చెప్తున్నా. ఊర్లో బతకాల, ఆ విలేకరన్న రోజూ మా జిరాక్స్ షాపు ముందర నుంచే పోతాడు.

పోయినేడు చందా స్కీమ్ అని ఇద్దరు పిల్లోళ్ళు ఇంటికొచ్చి ఏడాదిది ఒకేసారి కడితే స్టీల్ ఫ్లాస్కు ఫ్రీ అన్నారు, మా అమ్మ ఫ్లాస్కు చూసింది, నేను జిల్లా పేపర్ చూసినా, కట్టేసినాం. మెయిన్ పేపర్ ఎవరు చదువుతారప్పా, ఢిల్లీ వార్తలు ముందురోజు రాత్రే ఫోన్లో చూసేసింటాం. ఈనాడు వాళ్ళు 1989లో జిల్లాకో టాబ్లాయిడ్ మొదలుపెట్టినాక మిగతా పేపర్లు కూడా అదే దారి పట్టినాయి, మన వీధి, మన మోరీ, మన కరెంటు కోత ఉండేది ఆ చిన్న సైజు పేజీల్లోనే. నేను తీసుకునేది ఇంకో పేపరు. దీంట్లో వారానికి మూడు నాలుగుసార్లు బండ్ల మీద ఒక పేజీ వస్తాంది. అడ్డంగా ఆపినోళ్ళు, రాంగ్ రూట్లో వచ్చినోళ్ళు, ముగ్గురెక్కినోళ్ళు, ఫోన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికిచ్చి మెడ వంకర పెట్టుకుని నడిపేటోళ్ళు, అందరి ఫోటోలు ఏస్తారు. ఈ రివ్యూ ఆ పేజీకే.

బాగుండేది ముందు చెప్తా. ఫోటోలు మన ఊరివే, ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చి ఏసేటివి కాదు. రాజ్‌విహార్ సెంటర్లో సాయంత్రం పూట మలుపు మూసేసి నిలబడిన ఆటోలు, సీ క్యాంప్ రైతుబజార్ ముందర తోపుడు బండ్ల మధ్యలో ఇరికిచ్చిన కారు, కొండారెడ్డి బురుజు కాడ నడిరోడ్లో ఆగి మాట్లాడుకునే ఇద్దరు బుల్లెట్ బాబులు, ఇవన్నీ మనం రోజూ తిట్టుకుంటా పోయేటివే. ఒకసారైతే ఆస్పత్రులుండే గాయత్రి ఎస్టేట్ కాడ విలేకరి పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా నిలబడి, ఏ టైముకి ఏ వైపు జామ్ అయితాది, పేషెంట్లని దించేసి ఆటోలు యాడ తిరుక్కుంటాయి, అంతా రాసినాడు. ఆ ఒక్క పేజీ నా చందా డబ్బులకి సరిపోయింది. అట్లాంటిది ఏడాదిలో రెండోది చూడలేదు, అదే బాధ.

మిగతా రోజులు హెడ్డింగులే. ‘అడ్డదిడ్డం.. అడిగితే యుద్ధం’, ‘రయ్.. రయ్.. ఎవరికీ భయం నై’. ఎవరైనా పోయింటే ఇంగ లారీ కాలయముడు, రోడ్డు నెత్తుటి దారి, ఆటో మృత్యు శకటం. ప్రాస మీద పెట్టిన శ్రద్ధలో సగం బ్రేక్ ఎందుకు పడలేదు అనేదాని మీద పెట్టింటే బాగుండు. ఇంగ ప్రతి వార్త చివర ఒకే వాక్యం, ‘ఇకనైనా అధికారులు స్పందించి చర్యలు తీసుకోవాలని స్థానికులు కోరుతున్నారు’. ఎవరప్పా ఈ స్థానికులు? మా షాపు పక్కన టీ బంకు కాడ ఉగ్గాని బజ్జీ తింటా ఉండేటోళ్ళే స్థానికులు, వాళ్ళ బండ్లన్నీ రోడ్డు మీదే ఉంటాయి.

ఇప్పుడు నా కథ. మా అమ్మకి కండ్లలో చుక్కల మందు కావాలని మెడికల్ షాపు ముందర స్కూటీ ఆపినా. ఆపినది తప్పే, ఒప్పుకుంటా, పసుపు గీత దాటి వెనక చక్రం రోడ్డు మీదే ఉండె. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మూడోరోజు పొద్దున పేపర్ తీస్తే నా స్కూటీ. రంగులు ఒకదాని మీద ఒకటి కూర్చోకుండా అచ్చు పడి నీలం స్కూటీ కాస్తా వంకాయ రంగు అయింది గాని హ్యాండిల్‌కి తగిలిచ్చిన మా అమ్మ గుడ్డ సంచి మాత్రం బాగా కనపడుతాంది, దాని మీద చీరల షాపు పేరుతో సహా. నంబరు కూడా స్పష్టంగా ఉంది. కింద ఏం రాసినారంటే, ‘బయటి ప్రాంతాల నుంచి వచ్చే వాహనదారుల ఇష్టారాజ్యం’.

నేను బయటోణ్ణంట! మా నాయన కాలం నుంచి వెంకటరమణ కాలనీలో ఉన్నాం. నా నంబరు ఏపీ 39 కదా, దాన్ని పట్టుకున్నారు. కర్నూలు బండ్లకి ఏపీ 21 ఉండేది, 2019లో రాష్ట్రమంతా ఒకే కోడ్ ఏపీ 39 చేసినాక నంబర్ చూసి ఏ జిల్లా బండో చెప్పేకి లేదు. వారం వారం బండ్ల మీద పేజీ నడిపేటోళ్ళకి ఈమాత్రం తెలియకుంటే ఎట్ల?

సరే, జనం ఏమన్నారో చెప్పాల, ఎందుకంటే ఈ పేజీకి అసలు పేజీ పేపర్లో కాదు వాట్సాప్‌లో ఉంటాది. ఏడు గంటలకల్లా మా కాలనీ గ్రూపులో ఆ క్లిప్పింగ్ పడింది. ‘వీళ్ళకి లైసెన్స్ ఎవరిచ్చినారో’, ‘బయటోళ్ళు వచ్చి ఊరు పాడు చేస్తాన్నారు’, ‘బండి సీజ్ చేయాల సార్’, దండం బొమ్మలు, కోపం బొమ్మలు. ఒకాయన నాలుగు లైన్లు ఎక్కువ రాసినాడు, ఆయన ఎవరంటే గేటు ముందర ర్యాంపు కట్టుకుని కారు సగం వీధిలో పెట్టేటాయన, మున్సిపాలిటీ వాటర్ ట్యాంకర్ వస్తే ఆయన్ని నిద్ర లేపాల. నేనేం మాట్లాడలేదు. మధ్యాహ్నం టీ బంకు కాడ ఒకాయన పేపర్ చూపిచ్చి ‘చూడన్నా ఎట్లుండారో మనుషులు’ అన్నాడు, నా స్కూటీ సీటుకి ఆనుకుని చెప్పినాడు ఆ మాట.

విలేకరన్నకి ఫోన్ చేస్తే పాపం మంచిగానే మాట్లాడినాడు. ‘అన్నా, ఫోటో నాదే, కింద రాసింది నేను కాదు, డెస్క్ వాళ్ళు’ అన్నాడు, అంటే ఆఫీసులో కూర్చుని వార్తలు దిద్దేటోళ్ళు. ఈ ఊరి విలేకర్లకి జీతం కాదు, లైన్ అకౌంట్, వేసిన లైన్లని బట్టి డబ్బులు, పైగా యాడ్లు తేవాల, చందాలు కట్టియ్యాల. గాయత్రి ఎస్టేట్ కాడ మూడు గంటలు నిలబడితే ఏమొస్తాది ఆయనకి, స్కూటీ ఫోటో అయితే ఒక్క నిమిషం పని. అది అర్థమైనాక ఆయన మీద కోపం పోయింది.

ఎడిటర్‌కి లెటర్ రాసినా. మీకూ ఎప్పుడైనా పనికొస్తాది కాబట్టి చెప్తున్నా, ముందు ఎడిటర్‌కే రాయాల, వాళ్ళు పట్టించుకోకుంటే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి పోవచ్చు, దినపత్రిక అయితే అచ్చైన రెండు నెలల్లోపల. ఎడిటర్ అడ్రస్ కోసం వెతకొద్దు, పేపర్లో చిన్న అక్షరాల్లో ప్రింటర్, పబ్లిషర్, ఎడిటర్ పేర్లు ఉంటాయి. నాకు అంతదాకా పోవాల్సిన పని పడలేదు, పది రోజులకి సవరణ ఏసినారు. మూడు లైన్లు, టెండర్ ప్రకటన కింద. ‘ఫలానా తేదీన ప్రచురించిన చిత్రంలోని వాహనదారుడు స్థానికుడేనని తెలియజేస్తున్నాం.’ అంతే. అంటే ముందు ఎవరికీ తెలియనిది ఇప్పుడు అందరికీ తెలిసింది. మా ఇంటామె రెండ్రోజులు నవ్వింది, ‘ఏమయ్యా స్థానికుడా, కూరగాయలు తేపో’ అని.

నాది నవ్వులాట, కానీ ఒక విషయం మాత్రం నాకు నచ్చలేదు. స్కూల్ యూనిఫాంలో ముగ్గురు పిల్లోళ్ళు ఒకే బండి మీద పోయేది మొహాలతో సహా ఏసినారు, నడిపేవాడికి పద్నాలుగు కూడా ఉండవు. వాడి మీద కేసైతే పేరు గానీ ఫోటో గానీ పేపర్లో వేయకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 74వ సెక్షన్ ఉంది, కేసుకి ముందే మొహం ఏసేస్తే ఇంగ అది యాడికి పనికొస్తాది? అడగాల్సింది బండి తాళం ఇచ్చిన నాయన్ని. మైనర్ బండి నడిపి తప్పు చేస్తే తల్లిదండ్రులకో బండి ఓనర్‌కో 25,000 ఫైను, మూడేండ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఇది ఆ ఫోటో కింద రాసింటే ఎంతమంది నాయన్లు తాళం దాచిపెడుదురో. ఏడాదిలో ఒక్కరోజు కూడా ఏ తప్పుకి ఎంత ఫైను అని ఆ పేజీలో చూడలేదు నేను.

ఇంగొకటి. నేనే ఒక ఫోటో పంపినా. అంబులెన్స్ సైరన్ కొడతానే ఉంది, ముందర తెల్లకారు, అద్దం మీద ఏదో పెద్ద స్టిక్కర్, డ్రైవర్ దిగి కొబ్బరిబోండాం తాగుతాన్నాడు. అంబులెన్స్‌కి దారి ఇవ్వకుంటే 10,000 ఫైను, లేదంటే ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా వేయొచ్చు. 2019 సెప్టెంబర్ నుంచి ఉండే రూలే ఇది. ఫోటో ఏసినారు, కాదనను. కానీ నంబర్ మసక చేసినారు, స్టిక్కర్ కూడా మసకే. కొబ్బరిబోండాల ముసలాయన మొహం మాత్రం అద్దంలా కనపడుతాంది.

‘కథనానికి స్పందన’ అని మర్నాడు ఇంకో ఫోటో వస్తాది చూడండి, ట్రాఫిక్ పోలీసులు తాడు కట్టి ఆటోల్ని పక్కకి జరిపేది. ఆ తాడు రాజ్‌విహార్లో మూడు రోజులు ఉండె, నాలుగోరోజు దాన్ని పూలామె గొడుగుకి కట్టుకునింది.

చందా అయిపోవచ్చింది, ఉన్నన్నాళ్ళు చదువుతా. మళ్ళీ కట్టేది గాయత్రి ఎస్టేట్ లాంటి పేజీ ఇంకొకటి వస్తేనే. మీరు ఫోటో పంపేటట్లయితే టైము, స్థలం మీరే రాసి పంపండి, మీరు రాయకుంటే డెస్క్ వాళ్ళు రాస్తారు. పేపర్ పిల్లోడు మాత్రం ఐదున్నరకల్లా ఏసిపోతాడు, వాన పడినా కవర్లో పెట్టి ఏస్తాడు, హెడ్‌లైట్ లేకుండా రాంగ్ రూట్లోనే వస్తాడనుకోండి.