తామరకు క్లోట్రిమజోల్ మేలా, టెర్బినఫిన్ మేలా?

రెండూ 1 శాతం క్రీములే, పనితీరు వేరు. క్లోట్రిమజోల్ ప్రధానంగా ఫంగస్ ఎదుగుదలను ఆపుతుంది. టెర్బినఫిన్ తామర ఫంగస్‌ను చంపేస్తుంది, పై చర్మంలో కొన్నాళ్లు నిలిచి ఉంటుంది కూడా. అందుకే దీన్ని రోజుకు ఒకటి రెండుసార్లు, 1-2 వారాలు రాస్తే సాధారణంగా సరిపోతుంది. క్లోట్రిమజోల్ అయితే రోజుకు 2-3 సార్లు, 2-4 వారాలు.

తామర ఒంటి మీదో, గజ్జల్లోనో, కాలివేళ్ల సందుల్లోనో ఉంటే మా మొగ్గు టెర్బినఫిన్‌కే. దానికి లొంగని రకాలూ ఉన్నాయి. రెండు వారాలకూ తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. చర్మం మడతల్లో ఎర్రగా ఒరుసుకుపోయి, చుట్టూ చిన్న చిన్న పొక్కులుంటే అది క్యాండిడా అనే వేరే రకం ఫంగస్ కావచ్చు. అక్కడ క్లోట్రిమజోలే నయం.

ఏది వాడినా చాలామంది తప్పు చేసేది రాయడంలోనే. తామర అంచులో చురుగ్గా ఉంటుంది, మధ్యలో మానినట్టు కనిపిస్తుంది. కడిగి, బాగా తుడిచి ఆరనిచ్చి, అంచు దాటి 2 సెంటీమీటర్ల దాకా పల్చగా పూయాలి. చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండిన క్రీము రెండు అరచేతులంత మేరకు వస్తుంది. దురద పోయిందని మూడోరోజే మానేస్తే, ముఖ్యంగా క్లోట్రిమజోల్‌తో, మళ్లీ మొలుస్తుంది.

స్టెరాయిడ్ కలిసిన ట్యూబు సొంతంగా వాడొద్దు: ఎరుపు తగ్గుతుంది, ఫంగస్ పాకుతుంది. తలమీద తామరకు ఈ రెండు క్రీములూ చాలవు, మాత్రలు కావాలి.