భవిత కేంద్రంలో తీరిక పెట్టెలు: దీర్ఘకాల వాడకం తరువాత ఒక సమీక్ష

మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం), మేధో వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లలు తీరిక సమయాన్ని పెద్దల సాయం లేకుండా గడిపేందుకు అమర్చిన ఆటపెట్టెలను కొన్ని విద్యా సంవత్సరాలుగా వాడుతున్నాను. ఒక్కో పెట్టెలో ఒక్క ఆట సామగ్రే ఉంటుంది, మూతపై దాని ఫొటో ఉంటుంది. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఆటిజం ఉన్నవారికి నేర్పడం కోసం రూపుదిద్దుకున్న ‘టీచ్’ (TEACCH) పద్ధతిలో వలెనే పెట్టెలు ఎడమ నుంచి కుడికి వరుసగా ఉంటాయి. ఆడి ముగించినది కుడివైపు బుట్టలోకి చేరుతుంది.

అన్నిటిలో బాగా నిలిచినది వామనగుంటల పీట. నిజానికి అది ఇద్దరు ఆడే ఆట. అయితే ఏడేసి గుంటల రెండు వరుసల్లో గుంటకు ఐదేసి చొప్పున నింపడానికి సరిగ్గా 70 చింతగింజలనే సంచిలో ఉంచడం వల్ల, సంచి ఖాళీ కాగానే ఆట ముగిసిందని పిల్లవాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ట్యాబ్‌లో ఈ సౌకర్యం లేదు. ఒక వీడియో అయిపోగానే మరొకటి మొదలవుతుంది కనుక, దానిని వెనక్కి తీసుకునే ప్రతిసారీ ఏడుపే మిగిలేది.

మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ వారి బోధన కిట్‌లోని కొన్ని వస్తువులు చిన్న పిల్లలకు చక్కగా పనికివస్తాయి గాని, మీసం మొలుస్తున్న అబ్బాయి ముందు బాతు బొమ్మల పజిల్ పెట్టడం అతన్ని చిన్నబుచ్చడమే. అటువంటి వారికి పిల్లలమర్రి విహారయాత్ర ఫొటోల ఆల్బమ్ ఎంతో నచ్చింది. పల్లికాయలు ఒలిపించి దానినే కాలక్షేపమనేవారూ ఉన్నారు. అది పని, తీరిక కాదు. రెండు పెట్టెలు చూపి పిల్లలనే ఎంచుకోనివ్వాలి.

నేర్పేటప్పుడు ఎదురుగా కాక వెనుక కూర్చుని చేయి పట్టి చూపి, క్రమంగా ఆ సాయాన్ని తగ్గించాలి. ఎదురుగా కూర్చుంటే ప్రతి గింజకూ మన ముఖం వైపే చూస్తారు.

లోపాలూ ఉన్నాయి. చింతగింజలకు పురుగు పడుతుంది, ఏటా మార్చాలి. ఏదైనా నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లలకు వాటిని అసలు ఇవ్వకూడదు. బిగుతు మూతల ప్లాస్టిక్ డబ్బాలను సెరిబ్రల్ పాల్సీ (కండరాల కదలికపై పట్టు తగ్గే వైకల్యం) ఉన్న పిల్లలు తెరవలేకపోయారు; వారికి మూత లేని చెక్క ట్రేలే అనువుగా ఉన్నాయి.