అంతా బాగున్న డాక్-ఆంప్, ఒక్క వాల్యూమ్ నాబ్ తప్ప

ఈ డాక్-ఆంప్ నా టేబుల్ మీదకి వచ్చి చాలా కాలమైంది. కంప్యూటర్‌లోని డిజిటల్ పాటని మామూలు సిగ్నల్‌గా మార్చేది డాక్, దానికి హెడ్‌ఫోన్ నడిపే బలమిచ్చేది ఆంప్, రెండూ ఒకే పెట్టెలో. చిప్ ఏది, డిస్టార్షన్ ఎంత అన్నవి అందరికీ తెలిసిన లెక్కలే కాబట్టి వాటి జోలికి పోను. ఈ రోజుల్లో చవక పెట్టెల్లో కూడా డాక్ భాగానికి వంక పెట్టడం కష్టం. నన్ను ఇన్నాళ్లూ సతాయించింది ముందువైపు ఉన్న వాల్యూమ్ నాబ్. మోడల్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ తరగతిలో ఇంకా చాలావాటికి ఇదే రకం నాబ్ ఉంటుంది.

చేతికి మాత్రం అది చాలా బాగుంటుంది. లోహపు నాబ్, నున్నగా, కాస్త బరువుగా తిరుగుతుంది. 300 ఓంల హెడ్‌ఫోన్ (ఎక్కువ వోల్టేజీ కావాల్సిన రకం) పెట్టుకుని సగం దాకా తిప్పి వింటున్నంత కాలం ఏ లోపమూ కనబడలేదు. రాత్రిపూట ఇయర్‌ఫోన్లతో సన్నగా వినడం మొదలుపెట్టాకే తేడా తెలిసింది. పాడేవాళ్ల గొంతు మధ్యలో నిలబడకుండా ఎడమవైపుకి జరిగిపోయేది. నా చెవిలోనే ఏదైనా ఉందేమోనని ఇయర్‌ఫోన్లు ఇటుదటు మార్చి పెట్టుకున్నాను. గొంతు కుడివైపుకి వచ్చింది, అంటే చెవుల తప్పు కాదు. అవే ఇయర్‌ఫోన్లు ఫోన్‌కి పెడితే గొంతు చక్కగా మధ్యలోనే ఉంది, కాబట్టి వాటి తప్పూ కాదు. మళ్లీ ఆంప్‌కి పెట్టి నాబ్‌ని మెల్లగా పైకి తిప్పుతుంటే, గడియారంలో తొమ్మిది గంటల చోటు దాటాక గొంతు మెల్లగా మధ్యలోకి వచ్చింది. కానీ ఆపాటికి రాత్రి వినే స్థాయి ఎప్పుడో దాటిపోయింది.

కారణం సులువైనదే. ఈ నాబ్ వెనక ఒకే ఇరుసు మీద రెండు పొటెన్షియోమీటర్లు (తిప్పితే విలువ మారే రెసిస్టర్లు, పొట్టిగా 'పాట్') ఉంటాయి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. రెండిట్లోనూ కార్బన్ పూత మీద ఒక కొస జారుతూ ఉంటుంది. పైస్థాయిలో రెండు పూతలూ బాగానే కలిసి నడుస్తాయి. మొదటి కొద్దిపాటి తిప్పులో మాత్రం చవక రకాలకి రెండు, మూడు డెసిబెల్ల తేడా మామూలే. హెడ్‌ఫోన్‌ని బట్టి మనం ఆ మొదటి ముక్కలో ఇరుక్కుంటామా లేదా అన్నదే అసలు సంగతి. డాక్ ఇచ్చే సిగ్నల్ సాధారణంగా 2 వోల్టులు. 16 ఓంల సున్నితమైన ఇయర్‌ఫోన్ 0.01 వోల్టుకే గట్టిగా మోగుతుంది. లో గెయిన్‌లో (ఆంప్ సిగ్నల్‌ని తక్కువగా పెంచే సెట్టింగ్) పెట్టినా, 2 నుంచి 0.01కి రావాలంటే 46 డెసిబెల్లు తగ్గించాలి. రాత్రి వినేదానికి ఇంకా తగ్గాలి. ఆ పనంతా ఈ పాట్ ఒక్కటే, తన అధ్వానమైన చోట చేయాలి. పెట్టె మీద గెయిన్ స్విచ్ పెట్టి, లో గెయిన్‌ని ఇంకొంచెం కిందకి దించకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కొన్ని రెసిస్టర్ల విలువ మారిస్తే సరిపోయే పని.

మొదట కంప్యూటర్‌లో వాల్యూమ్ తగ్గించి, నాబ్‌ని పైకి పెట్టుకుని విన్నాను. నాణ్యత పోతుందని చాలామంది భయపడతారు గానీ, డాక్‌ని 24 బిట్లలో నడిపితే ఆ భయం అక్కర్లేదు. ఒక్కో బిట్ సుమారు 6 డెసిబెల్లు, పాట 16 బిట్లదైతే ఎనిమిది బిట్లు, అంటే 48 డెసిబెల్లు ఖాళీగా ఉన్నట్టే. విండోస్‌లో పాత సౌండ్ ప్యానెల్‌లోకి వెళ్లి, లెవెల్స్ దగ్గర అంకె మీద రైట్ క్లిక్ చేస్తే శాతాల బదులు డెసిబెల్లు చూపిస్తుంది. అక్కడ మైనస్ 30 పెట్టుకున్నాను. గొంతు మధ్యలోకి వచ్చింది, కొన్ని వారాలు హాయిగా గడిచాయి.

ఒకరోజు టేబుల్ సర్దినప్పుడు యూఎస్‌బీ కేబుల్ పక్క పోర్టులోకి మారింది. విండోస్ దాన్ని కొత్త పరికరం అనుకుని వాల్యూమ్‌ని నేరుగా 100లో కూర్చోబెట్టింది. నాబ్ పైనే ఉంది, ఇయర్‌ఫోన్లు చెవుల్లో ఉన్నాయి. అప్పుడే ఒక మెయిల్ వచ్చింది. ఆ చిన్న 'టింగ్' సూదితో పొడిచినట్టు చెవిలో దిగింది. 30 డెసిబెల్లు అంటే వోల్టేజీలో 30 రెట్లకి పైనే. రెండు చెవులూ కాసేపు గుయ్యిమన్నాయి, సాయంత్రం దాకా ఏమీ వినలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఇయర్‌ఫోన్లు పెట్టుకునే ముందు వాల్యూమ్ ఎక్కడుందో చూసుకోవడం, మళ్లీ చూసుకోవడం. పాట వినడానికి ఇంత టెన్షన్ ఎందుకు?

చివరికి దారి చూపింది ఒక చిన్న అడాప్టర్. ఆంప్‌కీ ఇయర్‌ఫోన్లకీ మధ్య పెట్టే అటెన్యుయేటర్, అంటే సిగ్నల్‌ని తగ్గించేది. కొనేటప్పుడు జాగ్రత్తగా చూడాలి. ఒక్క రెసిస్టర్ వరసలో పెట్టినవి ఉంటాయి, వాటితో ఇయర్‌ఫోన్ స్వభావమే మారిపోవచ్చు, ముఖ్యంగా లోపల రెండు మూడు డ్రైవర్లు (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్లు) ఉన్నవాటికి. వాటి ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఇచ్చే అడ్డు, ఓంలలో కొలిచేది) ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక్కోలా ఉంటుంది కదా. ఇయర్‌ఫోన్‌కి సమాంతరంగా ఇంకో చిన్న రెసిస్టర్ ఉన్న రకం తీసుకోవాలి, అప్పుడు అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఒకటి రెండు ఓంల దగ్గరే ఉంటుంది. నాబ్ ఇప్పుడు పదకొండు దగ్గర ఉంటుంది, కంప్యూటర్ వాల్యూమ్ ఎంతలో ఉన్నా చెవికి ప్రమాదం బాగా తగ్గింది. అనుకోని లాభం ఇంకొకటి: పాట ఆగినప్పుడు వెనక సన్నగా వినబడే 'స్స్' కూడా పోయింది. అడాప్టర్ ఆంప్ తర్వాత ఉంది కాబట్టి పాటతో పాటు ఆంప్ సొంత శబ్దాన్నీ తగ్గిస్తుంది.

కొన్న కొత్తల్లో దీని గురించి అడిగినవాళ్లకి రెండు మాటలు గట్టిగా చెప్పాను. ఒకటి, నిశ్శబ్దం. కంప్యూటర్ ముందువైపు జాక్‌లో మౌస్ కదిపినప్పుడల్లా వచ్చే కీచు శబ్దం ఇందులో లేదు, అది ఇప్పటికీ నిజం. అయితే వెనక నుంచి పవర్డ్ స్పీకర్లకి కలిపితే హమ్ మొదలైంది. కంప్యూటర్‌కీ స్పీకర్లకీ ఎర్త్ రెండు దారుల్లో కలవడమే దానికి కారణం. యూఎస్‌బీ తీసేసి ఆప్టికల్ కేబుల్ పెట్టాక పోయింది, అందులో వెళ్లేది కాంతే తప్ప కరెంటు కాదు. రెండోది, బేస్ నిండుగా ఉందన్నాను. 300 ఓంల హెడ్‌ఫోన్‌తో ఆ మాట మీదే ఉంటాను. మామూలు 32 ఓంల హెడ్‌ఫోన్‌తో మాత్రం, రెండు పరికరాల వాల్యూమ్ సమానం చేసి వింటే, మంచి ఫోన్ డాంగిల్‌కీ (ఫోన్‌కి తగిలించే చిన్న హెడ్‌ఫోన్ అడాప్టర్) దీనికీ పెద్ద తేడా పట్టుకోలేకపోయాను.

పగలంతా పెద్ద హెడ్‌ఫోన్‌తో పని చేసుకుంటాను కాబట్టి నేను దీన్ని అమ్మను. నా రాత్రులకి అడాప్టర్ ఉంది. మీరు వినేది ఎక్కువగా ఇయర్‌ఫోన్లతో, అదీ సన్నగా అయితే, ఇలాంటి పాట్ ఉన్నదాని బదులు రిలేలతో (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్‌లు) గానీ చిప్‌తో గానీ వాల్యూమ్ నడిపేది చూడండి, ఇంకొంచెం ఖర్చయినా. ఇదే కొంటే, వాపస్ ఇచ్చే గడువు ఉండగానే మోనో రికార్డింగ్ (రెండు చెవులకీ ఒకే శబ్దం వచ్చేది) ఒకటి పెట్టి, వినీ వినబడనంత సన్నగా తగ్గించి, గొంతు ఎటు జరుగుతోందో వినండి. ఒకే మోడల్‌లో ఒక్కో పీసు ఒక్కోలా ఉంటుంది, మీకు వచ్చింది నాదానికంటే బాగుండొచ్చు.